ఏకగేరు పథకం

రాళ్లచెరువు సంచార పశువైద్యశాల వ్యాను కాగితాల మీద చచ్చిపోయి చాలా కాలమైంది. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనం దానంతటదే కాలం చేసినట్టు లెక్క అని ఒక ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు ప్రకారం దాని దస్త్రం మూసి, పైన ముద్ర కొట్టి, బీరువాలో పెట్టేశారు. అయితే కొత్త వ్యాను వచ్చేవరకూ పాతదాన్నే నడుపుకోండి అని ఇంకో ఉత్తర్వు కూడా ఉంది. కొత్తది రాలేదు. కాబట్టి చచ్చిపోయిన వ్యానే రోజూ పొద్దున్నే లేచి, డీజిలు తాగి, ఊళ్లమీద పడి గొర్రెలకీ బర్రెలకీ వైద్యం చేసి వచ్చేది. డీజిలు పద్దు వేరు, మరమ్మతు పద్దు వేరు. చచ్చినవాళ్లకి భోజనం పెట్టవచ్చు గానీ మందులిప్పించకూడదని శాఖవారి సిద్ధాంతం. తద్దినాలు కూడా ఆ పద్ధతిలోనే నడుస్తాయి కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు.

అలాంటి వ్యానుకి గేరు పడటం మానేసింది. పూర్తిగా మానేసినా బాగుండేది. బతిమాలితే పడేది, అదే వచ్చిన చిక్కు. డ్రైవరు ఖాజాపీరు క్లచ్చి తొక్కిపట్టి, సీటు మీంచి సగం లేచి, రెండు చేతులా గేరు కడ్డీ పట్టుకుని గుంజాలి. పక్క సీట్లో ఉన్న డాక్టరు ఓబులపతి అదే క్షణంలో దాన్ని బూటుకాలితో తన్నాలి. ఇద్దరి అదృష్టం బాగుంటే లోపల ఏదో గరగరా నలిగి, మూడో గేరు రెండో గేరయ్యేది. రెండో గేరు మొదటి గేరు కావాలంటే మాత్రం దేవుడు దిగిరావాలి.

గేరుబాక్సులో నూనె ఎండిపోయింది. కడ్డీ కింద రబ్బరు బుష్షులు అరిగి పొడైపోయాయి. ఈ సంగతి ఖాజాకి తెలుసు, ఓబులపతికి తెలుసు, ఆ చప్పుడు విన్న బస్టాండు టీకొట్టు ఆసామికి కూడా తెలుసు. పాత నూనె దించి కొత్తది పోసి, బుష్షులు మారిస్తే సరి. ఒక పూట పని.

జేబులోంచి పెట్టుకుని పోయించుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఓబులపతికి ముందు అక్కడ పనిచేసిన డాక్టరుకీ అలాగే తోచింది. వానలో దారి కనపడక ఆయన సొంత డబ్బుతో వైపర్లు వేయించాడు. మరణించిన ప్రభుత్వ ఆస్తికి అనుమతి లేకుండా జీవం పోశాడని ఆయన మీద విచారణ మొదలైంది. ఆయన రిటైరైపోయాడు. విచారణ మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఓబులపతి మంచి డాక్టరు. అడ్డం తిరిగిన దూడని మోచేతిదాకా చెయ్యిపెట్టి బయటికి లాగగలడు. పశువులన్నా పశువులున్నవాళ్లన్నా ప్రేమ. ఒక్క మెమో అంటేనే భయం. ఆ ఏడు పదోన్నతుల జాబితాలో ఆయన పేరు కూడా ఉందని వినికిడి. అందుకని మామూలుకంటే ఒక పిసరు ఎక్కువే భయపడుతున్నాడు.

వానలకి ముందు గొర్రెలకి చిటుకురోగం టీకా వెయ్యాలి. తొలివానకి మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిన గొర్రె, చిటికె వేసినంతలో కాళ్లు కొట్టుకుని పోతుంది. పడిపోయాక చేసేదేమీ లేదు. ముందే సూది పడాలి. పల్లపు ఊళ్లన్నీ అయ్యాక ఓబులపతి గువ్వలగుట్ట అనే కొండపల్లెకి బయల్దేరాడు. గుట్టదారి మొదటి మలుపులోనే మొదటి గేరు కావలసివచ్చింది. ఖాజా గుంజాడు, డాక్టరు తన్నాడు, ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. వ్యాను వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఓబులపతి దూకి, దొరికిన బండరాయి చక్రం కింద తోశాడు.

"పడల్యా సార్. ఇంగ ఇది పడదు," అన్నాడు ఖాజా చెమట తుడుచుకుంటూ.

వ్యాను చప్పుడు విని పైనుంచి హనుమక్క దిగివచ్చింది. గువ్వలగుట్ట గొర్రెల కాపరుల్లో పెద్దమనిషి ఆమె. మగవాళ్లు మందలతో ఉంటే, మాట్లాడవలసినచోట ఈమె మాట్లాడుతుంది.

"ఏం సార్, ఈడనే నిలబడిపోతిరి? మోడం పట్టుకోనొస్తాండాది, సూడండి. పోయినేడు తొలివానకి పొద్దన మేసిన జీవాలు మాపటికి లేవు. నా మందలో సగం పాయ. ఈ తూరి గూడా అట్లనే అయితే మేం బతికేది ల్యా."

"వానలు పడకముందే వేస్తాను హనుమక్కా. నా మాట నమ్ము," అన్నాడు ఓబులపతి.

ఆమె నమ్మింది. ప్రభుత్వోద్యోగి మాట ఇవ్వకూడదని ఏ ఉత్తర్వులోనూ లేకపోవడం మన నియమావళిలో పెద్ద లోపం.

మర్నాడు ఓబులపతి జిల్లా కేంద్రానికి వెళ్లి జాయింట్ డైరెక్టర్ పట్టాభిరామయ్యగారి ముందు నిలబడ్డాడు. పట్టాభిరామయ్యగారు అంతా విని, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఓబులపతిగారూ, గేరుబాక్సులో నూనె లేదని నాకు తెలియదనుకుంటున్నారా? నా కారుకి నేను ఏటేటా పోయిస్తాను. ఇక్కడ ప్రశ్న నూనె గురించి కాదు. అస్తిత్వంలో లేని వాహనానికి గేరుబాక్సు ఉండటం ఎట్లా సంభవం అన్నది ప్రశ్న."

"వాహనం లేకపోతే నేను గువ్వలగుట్టకి దేంట్లో వెళ్లాలి సార్?"

"సదరు వాహనంలోనే వెళ్లవలెను."

"లేనిదాంట్లో..."

"సేవకు ఉన్నది, మరమ్మతుకు లేదు. ఈ రెండు విషయాలనూ కలిపి చూడటం పరిపాలన తెలియనివాళ్లు చేసే పొరపాటు."

"పోనీ, ఐసుపెట్టె మోటారుసైకిలు మీద పెట్టుకుని పోతాను సార్."

పట్టాభిరామయ్యగారు అదిరిపడ్డారు. "టీకామందు వ్యాను దిగరాదు! చల్లదనం చెడుతుందని స్పష్టమైన ఆదేశాలున్నవి. మీరు పదోన్నతి జాబితాలో ఉన్నట్టున్నారే?"

ఓబులపతి బయటికి వచ్చాడు.

ఆ రోజుల్లో శాఖలో మార్పు గాలి వీస్తోంది. ఏ సమస్య వచ్చినా వస్తువును తాకకుండా మనిషిని మార్చాలని ఎవరో పెద్దవారు ఎక్కడో విని వచ్చారు. అందుచేత గేరు ఫిర్యాదుకు సమాధానంగా నగరం నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించారు. ఆయన తెల్లని బట్టల్లో వచ్చి, జిల్లాలోని డ్రైవర్లనీ డాక్టర్లనీ చాపలమీద కూర్చోబెట్టి, తలొక అప్పడాల కర్ర ఇచ్చాడు.

"కళ్లు మూసుకోండి. నిండా శ్వాస పీల్చండి. ఇదే మీ గేరు. బిగుసుకుపోయింది గేరు కాదు, మీ మనస్సు. నెమ్మదిగా అడగండి. నాకు రెండో గేరు ఇస్తావా అని ప్రేమగా అడగండి."

అందరూ ప్రేమగా అడిగారు. ఖాజా అడుగుతూ అడుగుతూ నిద్రపోయాడు. అంత ప్రశాంతత తన వృత్తిజీవితంలో చూడలేదని శిక్షకుడు మెచ్చుకుని, అతనికి 'గేరు మిత్ర' అని యోగ్యతాపత్రం ఇచ్చాడు. మర్నాడు గేరు మిత్ర గేరుని చాలాసేపు ప్రేమగా అడిగి, ఆ తరవాత దాని తల్లిని తలుచుకుని తిట్టాడు. రెంటికీ అది పడలేదు.

ఈ ఫలితం మీద పట్టాభిరామయ్యగారు రెండ్రోజులు తలుపులేసుకుని ఆలోచించారు. బయటికి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. అధికారుల సమావేశం పెట్టి ఇట్లా సెలవిచ్చారు:

"మిత్రులారా, సమస్య గేరు కాదు. గేరు మార్చడం. మార్చినప్పుడే గదా బిగుసుకుంటున్నది? అసలు మార్చకపోతే? ఒకే గేరులో, ఒకే వేగంతో, ఆగకుండా సాగే సేవను మనం ప్రజలకు ఎందుకు అందించకూడదు?"

ఏకగేరు పథకం ఆ విధంగా పుట్టింది. పైవారికి బాగా నచ్చింది. ఖర్చు లేని పథకం పైవారికి నచ్చకపోవడం నేనెక్కడా చూడలేదు.

పద్ధతి ఇదీ. రాళ్లచెరువు పశువైద్యశాల మెరకమీద ఉంది. మొదటిది ఎటూ పడదు కాబట్టి, ఇంజను ఆపి ఉన్నప్పుడు ఖాజా తీరిగ్గా రెండో గేరు వేస్తాడు. బ్రేకు వదిలితే వ్యాను పల్లానికి జారుతుంది, క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. ఇక అక్కణ్ణించి సాయంత్రం దాకా రెండో గేరే. దారిలో ఆగితే మళ్లీ రెండో గేరులోనే లేచే ఓపిక ఆ ఇంజనుకి లేదు. కాబట్టి ఆగకూడదు. సదరు వాహనం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపబడరాదు అని సర్కులరు వేసి, ఖాజా చేత సంతకం పెట్టించుకున్నారు. డాక్టరు కదిలే వ్యాను వెనక తలుపు దగ్గర కాళ్లు వేలాడేసుకుని కూర్చుని సూదులు వెయ్యాలి. రైతులు తమ పశువులను వ్యాను వెంట పరిగెత్తించవలెను అని ఊరూరా దండోరా వేశారు.

రోడ్లమీద స్పీడు బ్రేకర్లు చదును చేయించారు. రైలు గేటు దగ్గర రైలునే కాసేపు ఆపవలసిందిగా రైల్వేవారికి లేఖ రాశారు. వారు జవాబివ్వకపోవడంతో గేటు అవతలి ఊళ్లన్నీ జాబితాలోంచి ఎగిరిపోయాయి.

గొర్రెలు పరిగెత్తాయి. దూడలు పరిగెత్తాయి. బర్రె పరిగెత్తడం మీరెప్పుడైనా చూశారా? రాళ్లచెరువు మండలంలో చూశారు. బర్రె ముందు, దాని తాడు పట్టుకుని రైతు, ఆ వెనక రైతు భార్య పరిగెత్తేవారు. వెనక తలుపులోంచి వంగిన ఓబులపతి సూది కొన్నిసార్లు బర్రెకి, కొన్నిసార్లు గాలికి, ఒకసారి గురిగింజకుంట రైతు తొడకి తగిలింది. ఆ రైతుకి ఆ ఏడు బర్రెలకొచ్చే గొంతువాపు రాలేదని శాఖవారు నివేదికలో ఒక విజయంగా రాసుకున్నారు. పక్క జిల్లాలవాళ్లు ఈ వింత చూసి నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ల వ్యాన్లకి గేర్లు బాగానే పడుతున్నాయి. అయినా వెనకబడిపోతామేమోనని వాళ్లూ మిగతా మూడు గేర్లు వాడటం మానేశారు.

గువ్వలగుట్ట ఎత్తున ఉంది. ఎత్తుకి మొదటి గేరు కావాలి. అందుచేత ముందు దాన్ని 'ఏకగేరుకు అనుకూలించని గ్రామం' అన్నారు. తరవాత జాబితా శుద్ధి చేసినప్పుడు, సేవ అందని గ్రామమంటూ పథకంలో ఉండకూడదని, దాన్ని గ్రామాల్లోంచే తీసేశారు. అక్కడి గొర్రెలకి కేటాయించిన టీకా మాత్రం ఐసుపెట్టెలో అట్లాగే ఉండిపోయింది. లేని ఊరి టీకా తిరిగి ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియలేదు.

ఒకనాడు వ్యాను గుట్టకింది రోడ్డుమీద పోతుండగా చేలోంచి హనుమక్క పరిగెత్తుకొచ్చింది. చేతికర్ర పట్టుకుని వ్యాను పక్కనే పరిగెత్తుతూ అడిగింది.

"సార్! మా ఊరికి ఎప్పుడొస్తారు సార్?"

"మీ ఊరు... మీ ఊరు జాబితాలో లేదు హనుమక్కా!"

"మేముండాం గదా సార్! నేను కనపడతాండా గదా మీకు!"

ఆమె రొప్పుతూ మరో నాలుగడుగులు వేసింది.

"వానలు పడకముందే ఏస్తానంటివి గదయ్యా! ఆ మాటన్నా ఉందా, అది గూడా తీసేసినారా?"

ఆమె ఆగిపోయింది. వ్యాను ఆగదు కాబట్టి ముందుకి పోయింది. వెనక తలుపులో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఓబులపతికి ఆమె కనుమరుగయ్యేదాకా కనపడుతూనే ఉంది. ఆయనకి ఏడుపొచ్చింది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. రాత్రి అన్నం సయించలేదు. ఖాజా చేత ఆ ఊరికి ఒక కబురు మాత్రం పంపించాడు.

ఆ వారంలోనే రాజధాని నుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. ఏకగేరు పథకాన్ని రాష్ట్రమంతా పెట్టాలా, లేక ముందు దానికి బహుమతి ఇచ్చి తరవాత పెట్టాలా అని తేల్చడం ఆయన పని. పట్టాభిరామయ్యగారు స్వయంగా వెంట వచ్చారు. పూలదండలు, ఉపన్యాసం, కొబ్బరిబోండాలు అయ్యాయి. ఎండగా ఉండటంతో పట్టాభిరామయ్యగారు రెండు బోండాలు తాగారు. ఇది తరవాత ముఖ్యమవుతుంది. ఆయన ఖాజా పక్కన, పరిశీలకుడు వెనక ఓబులపతి పక్కన కూర్చున్నారు. వ్యాను మెరకమీంచి జారి, దగ్గి, అందుకుంది.

"గమనించండి," అని ముందునుంచి పట్టాభిరామయ్యగారు కేక పెట్టారు, "ఎక్కడా కుదుపు లేదు! మా పాలనలో నిలుపుదల అన్న మాటే లేదు!"

పరిశీలకుడు తల ఊపుతూ రాసుకున్నాడు. రెండు ఊళ్లలో పశువులు పద్ధతిగా పరిగెత్తాయి. మూడోచోట, గుట్టకింది రోడ్డు దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు పక్క చేను చేనంతా గొర్రెలు. కబురందుకున్న కాపరులు కర్రలడ్డం పెట్టి మందల్ని ఆపి నిలబడ్డారు. వాళ్ల ముందు హనుమక్క. పరిగెత్తే ప్రయత్నమేదీ వాళ్లలో కనపడలేదు.

"ఎవరివయ్యా ఆ జీవాలు? ఏ గ్రామం?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

"గువ్వలగుట్ట సార్," అన్నాడు ఓబులపతి.

"ఆ పేరుతో గ్రామం లేదు. పోనివ్వు ఖాజా!"

ఓబులపతికి పదోన్నతి గుర్తొచ్చింది, ఇంటిదగ్గర భార్య గుర్తొచ్చింది, వైపర్ల డాక్టరు గుర్తొచ్చాడు. హనుమక్క ఏమీ అడగకుండా చూస్తోంది. ఆ చూపు ఆయన భరించలేకపోయాడు. ఐసుపెట్టె రెండు చేతులా వాటేసుకుని, వెనక తలుపులోంచి దూకేశాడు. మోకాలు దోక్కుపోయింది, ప్యాంటు చిరిగింది. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు.

"డాక్టరు పడిపోయాడు!" అన్నాడు పరిశీలకుడు.

"పడల్యా సార్, దిగినాడు," అన్నాడు ఖాజా అద్దంలో చూస్తూ.

"టీకామందు కూడా దిగిందయ్యా! ఆపు! వ్యాను ఆపు!" అని పట్టాభిరామయ్యగారు సీటులో ఎగిరారు.

"ఆపగూడదని మీ సర్కులరు గదా సార్. నాతో సంతకం గూడా పెట్టిస్తిరి."

వ్యాను ఆగకుండా పోయింది. మైళ్లు పోయింది. కొబ్బరిబోండాలు తమ పని తాము మొదలుపెట్టాయి. పట్టాభిరామయ్యగారు ముందు ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకున్నారు, తరవాత రెంటినీ మెలిపెట్టారు, తరవాత కళ్లు మూసుకుని గేరు మిత్ర శిక్షణలో చెప్పిన శ్వాస పీల్చారు. చివరికి గొంతు తగ్గించి అడిగారు.

"ఖాజా... బాబూ... ఏదో ఒక తుమ్మచెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆపు నాయనా."

"రాసియ్యండి సార్. రేపు నా మింద మెమో వస్తే ఎవరు దిక్కు?"

పట్టాభిరామయ్యగారు పరిశీలకుడి దగ్గర కాగితం అడిగి తీసుకుని, తొడమీద పెట్టుకుని, పూర్వపు సర్కులరును పాక్షికంగా సవరిస్తూ ప్రజాహితం దృష్ట్యా తాత్కాలిక నిలుపుదలకు అనుమతిస్తున్నట్టు రాసి, సంతకం చేశారు. అలవాటు కొద్దీ ముద్ర కోసం జేబులు కూడా తడుముకున్నారు. వ్యాను ఆగింది. ఆయన తుమ్మచెట్టు చాటునుంచి తేలికపడి వచ్చేసరికి ఇంజను చల్లారిపోయింది, మళ్లీ లేవలేదు. పరిశీలకుడు బూట్లు చేతపట్టుకుని బస్సుదారికి నడిచాడు.

ఇక్కడ చేలో ఓబులపతి చొక్కా చేతులు మడిచి పని మొదలుపెట్టాడు. కాపరులు ఒక్కో గొర్రెనీ పట్టుకుంటే, నిలబడి, చర్మం లేపి, మందంతా సరిగ్గా దిగేలా సూది వేశాడు. ఏదీ పరిగెత్తలేదు. ఎంత హాయిగా ఉందో ఆయనకి! ఇన్నాళ్లూ మరిచిపోయిన పని మళ్లీ చేతికొచ్చినట్టు అనిపించింది. పొద్దు గూకేలోపల మందలన్నీ అయిపోయాయి. వాన కూడా ఆ ఏడు ఎందుకో దయతలిచి, టీకా ఒంటబట్టేదాకా ఆగి మరీ కురిసింది.

వానతోపాటే ఓబులపతికి మెమో వచ్చింది. సస్పెన్షను ఉత్తర్వు దానికి జతచేసి ఉంది. పదోన్నతి జాబితాలో పేరు కొట్టేశారు. సదరు అధికారి నడుచుచున్న సేవ నుండి అనుమతి లేక దిగినాడు, టీకామందును వ్యాను దింపినాడు, ఉనికిలో లేని గ్రామపు పశువులకు వైద్యం చేసినాడు, సంజాయిషీ ఇవ్వవలెను అని అందులో ఉంది. ఓబులపతి దాన్ని జేబులో పెట్టుకుని గువ్వలగుట్టకి నడిచి ఎక్కాడు. సస్పెన్షనులో ఉన్న మనిషికి నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గుట్టంతా పచ్చబడింది. గొర్రెలు తలలెత్తకుండా లేతగడ్డి మేస్తున్నాయి. హనుమక్క కొత్తగా పుట్టిన గొర్రెపిల్లల వీపుమీద గుర్తుకి ఎర్రరంగు పూస్తోంది. డాక్టరుని చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఒక్కటి గూడా పడల్యా సార్. అన్నీ ఉండాయి. ఎంచుకోండి కావాలంటే."

ఓబులపతి కళ్లు చెమర్చాయి. బండమీద కూర్చుని మెమో తీసి, ఆమె అడిగితే చదివి అర్థం చెప్పాడు.

"దిగినారని తప్పా?" అంది హనుమక్క ముక్కుమీద వేలేసుకుని. "దిగకపోతే సూది ఎట్లేస్తారు సార్?"

ఓబులపతి ఆమె వంక చూశాడు. మెమో వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, సంజాయిషీ అని పైన రాసి, దాని కింద ఆమె అడిగిన ప్రశ్నని అట్లాగే రాశాడు. అంతకంటే చెప్పుకోవలసిందేమీ ఆయనకి తోచలేదు. సంతకం పెట్టాడు.

"నా యేలిముద్ర గూడా ఏసుకోండి," అంది హనుమక్క.

"నీదెందుకు హనుమక్కా?"

"ఊరే ల్యాదన్నారు గదా. ఈ యేలు ఏ ఊరోళ్లదో ఎతుక్కోనీ."

రంగుగిన్నెలో బొటనవేలు ముంచి, ఆయన సంతకం పక్కనే గట్టిగా నొక్కింది.